సైకిల్ ఆపాక ఫ్యాట్ బర్నర్ వాడితే కండ నిలుస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్టెరాయిడ్ సైకిల్ (కండ కోసం కొన్నాళ్లు స్టెరాయిడ్లు వాడే కోర్సు) ముగించిన వాళ్లందరికీ ఒకటే బెంగ: కష్టపడి పెంచిన కండ కరిగిపోతుందేమోనని. దానికి జిమ్‌లో దొరికే మొదటి సలహా కూడా ఒకటే: "క్లెన్ వేసుకో, నిలబడుతుంది." క్లెన్ అంటే క్లెన్‌బ్యుటెరాల్, జిమ్‌లో ఫ్యాట్ బర్నర్‌గా వాడే మందు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని జవాబులన్నీ ఒకచోట చేర్చాను. మీరున్న దశను బట్టి కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. ఈ మందుల డోసులు, షెడ్యూళ్లు మాత్రం ఇందులో లేవు. అడిగినా ఇవ్వను.

## వాడాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు

సూటిగా చెప్పండి, సైకిల్ తర్వాత ఫ్యాట్ బర్నర్ వేస్తే కండ నిలుస్తుందా?

నిలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. క్లెన్, ఎఫెడ్రిన్ లాంటి స్టిములెంట్లు కొవ్వు కరిగే వేగాన్ని కాస్త పెంచుతాయి, ఆకలిని చంపుతాయి, హుషారు తెప్పిస్తాయి. సైకిల్ ఆపాక ఒంట్లో లోటుపడేది మాత్రం టెస్టోస్టెరాన్. ఆ లోటును ఏ స్టిములెంటూ పూడ్చలేదు. పైగా కండ నిలవాలంటే కావాల్సిన తిండికీ నిద్రకూ అవే గండి కొడతాయి.

అసలు సైకిల్ ఆపగానే కండ ఎందుకు తగ్గుతుంది?

బయటి నుంచి హార్మోన్ వస్తున్నంత కాలం మెదడు "చాలినంత ఉంది" అనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే సంకేతాలు పంపడం దాదాపు మానేస్తుంది. వృషణాలు పని తగ్గిస్తాయి. సైకిల్ ఆగిన రోజున బయటి సరఫరా పోతుంది, లోపలి తయారీ ఇంకా మొదలవదు. ఈ మధ్యకాలంలో టెస్టోస్టెరాన్ మామూలు స్థాయి కంటే బాగా కిందికి పడిపోతుంది.

ఆ హార్మోన్ కండ మీద ఎంత బలంగా పనిచేస్తుందో 1996లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపించింది. 43 మంది మగవాళ్లు, 10 వారాలు. వ్యాయామం ఏమీ చేయకుండా పెద్ద మోతాదు టెస్టోస్టెరాన్ తీసుకున్నవాళ్లకే కొవ్వు కాని బరువు సుమారు 3 కిలోలు పెరిగింది. వ్యాయామం కూడా చేసినవాళ్లకు సుమారు 6 కిలోలు పెరిగింది. అంటే ఆ పెరుగుదలలో కొంత భాగం హార్మోన్ ఉన్నంతకాలమే నిలిచేది. అదీ నిలబెడతానని ఎవరైనా చెబితే ఏదో అమ్ముతున్నారని అర్థం.

రెండు వారాల్లో నాలుగు కిలోలు పోయాయి. అంతా కండేనా?

కాదు. స్టెరాయిడ్లు చాలావరకు ఒంట్లో నీటిని, ఉప్పును పట్టి ఉంచుతాయి, కండలో గ్లైకోజెన్ (పిండిపదార్థం) నిల్వ కూడా పెంచుతాయి. ఆపాక మొదట పోయేది అదే. అద్దంలో చేతులు చప్పబడ్డట్టు, పంప్ (వ్యాయామంలో కండ ఉబ్బడం) రానట్టు అనిపించడానికి ఎక్కువ కారణం ఇదే. బరువు కాటా కంటే లాగ్ బుక్‌ను నమ్మండి. స్క్వాట్, బెంచ్, రో బరువులు పెద్దగా పడిపోకపోతే కండ కూడా పెద్దగా పోలేదనే లెక్క. చాలామంది ఈ నీటి బరువు చూసి టెన్షన్ పడే క్లెన్ సీసా అందుకుంటారు.

ఫ్యాట్ బర్నర్ అంటే ఏమేమి వస్తాయి?

జిమ్ భాషలో ఒకే పేరు కింద వేర్వేరు మందులను కలిపేస్తారు. కెఫీన్, ఎఫెడ్రిన్, సినెఫ్రిన్, యోహింబిన్ స్టిములెంట్లు. క్లెన్‌బ్యుటెరాల్ ఊపిరితిత్తుల గొట్టాలను విప్పే మందు, కొన్ని దేశాల్లో ఆస్తమాకు, గుర్రాల శ్వాస సమస్యలకు వాడతారు. టీ3 థైరాయిడ్ హార్మోన్. డీఎన్‌పీ అసలు మందే కాదు, పారిశ్రామిక రసాయనం. ఒకదాని గురించి విన్నది ఇంకోదానికి అంటగట్టడం వల్లే సగం గందరగోళం.

## ఎవరో చెప్పింది విని వచ్చినవాళ్లకు

క్లెన్ యాంటీ క్యాటబాలిక్ (కండ కరగకుండా ఆపేది) అని అందరూ అంటారు. అబద్ధమా?

పూర్తిగా అబద్ధం కాదు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోయిన నిజం. ఎలుకలు, పశువుల్లో క్లెన్ కండను పెంచి కొవ్వును తగ్గించింది. అందుకే ఒకప్పుడు మాంసం కోసం పెంచే పశువులకు దొంగచాటుగా ఇచ్చేవారు. ఆ మాంసం, కాలేయం తిన్నవాళ్లు గుండెదడ, వణుకుతో ఆస్పత్రుల్లో చేరిన ఘటనలు 1990లో స్పెయిన్‌లో జరిగాయి. యూరోపియన్ యూనియన్ 1996లో పశువులను బలిపించడానికి ఇలాంటి మందులు వాడకూడదని నిషేధించింది.

ఎలుకల మీద చాలా ప్రయోగాల్లో ఇచ్చిన మోతాదు, కిలో బరువుకు లెక్కేస్తే, మనిషికి ఆస్తమాకు ఇచ్చేదానికంటే వందల రెట్లు ఎక్కువ. ఆ మోతాదుల్లో గుండె కండరం కణాలు చనిపోవడం కూడా ఎలుకల్లో కనిపించింది. కండ సంగతి చెప్పేవాళ్లు ఈ సగం చెప్పరు.

మనుషుల్లో చూస్తే, 1993లో మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఆస్తమా స్థాయి మోతాదు ఇచ్చి చూశారు. తొడ కండరం బలం కాస్త త్వరగా తిరిగొచ్చింది, సైజులో తేడా రాలేదు. సైకిల్ ఆపిన బాడీబిల్డర్‌కు అక్కర్లేని ఫలితం అది.

మా కోచ్ క్లెన్‌తోనే సైజు నిలబెట్టుకున్నాడు, కళ్లారా చూశాను. దానికేమంటారు?

ఆయన క్లెన్ ఒక్కటే వాడాడా అన్నది మొదట అడగాల్సిన మాట. సైకిల్ ఆపాను అంటూ తక్కువ మోతాదు టెస్టోస్టెరాన్ కొనసాగించేవాళ్లు జిమ్‌లో కొల్లలు. అలాంటప్పుడు కండను నిలిపింది టెస్టోస్టెరాన్, పేరు క్లెన్‌కు. రెండోది, కొవ్వు తగ్గితే గీతలు తేలి అదే కండ పెద్దదిగా కనిపిస్తుంది. ఫొటోలో సైజు నిలిచినట్టే ఉంటుంది, టేప్ పెట్టి చూస్తే చెయ్యి తగ్గి ఉంటుంది. ఆయన తిండి, వ్యాయామం కూడా గట్టిగా చేసి ఉంటాడు. ఆ క్రెడిట్ ఎవరూ వాటికివ్వరు.

కండను కరిగించే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను క్లెన్ అడ్డుకుంటుందట కదా?

అది దాని పని కాదు. క్లెన్ అడ్రినలిన్ తరహాలో బీటా-2 గ్రాహకాలను (కణాల మీద ఆ సంకేతాన్ని అందుకునే చోట్లను) ప్రేరేపిస్తుంది. కార్టిసాల్‌తో దానికి నేరుగా పోరాటం లేదు. దాని వల్ల నిద్ర కరువైతే ఒంటి మీద ఒత్తిడి పెరిగేదే గానీ తగ్గేది కాదు.

ఎఫెడ్రిన్, కెఫీన్ కలిపి వాడితే కండ మిగిలిందని స్టడీ ఉందన్నారు?

ఉంది. 1992లో డెన్మార్క్‌లో ఊబకాయం ఉన్న ఆడవాళ్లను తక్కువ కేలరీల డైట్ మీద 8 వారాలు పెట్టారు. ఎఫెడ్రిన్, కెఫీన్ తీసుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే 4.5 కిలోలు ఎక్కువ కొవ్వు కోల్పోయారు, కొవ్వు కాని బరువు 2.8 కిలోలు తక్కువ కోల్పోయారు. ఈ వాదనంతటికీ మూలం ఇలాంటి చిన్న అధ్యయనాలే.

కానీ వాళ్ల హార్మోన్లు మామూలుగా పనిచేస్తున్నాయి. వాళ్లు బరువులెత్తడం లేదు. స్టెరాయిడ్ల వల్ల గుండె గోడలు మందమై, బీపీ పెరిగి ఉన్నవాళ్లు కారు. ఆ ఫలితాన్ని తీసుకొచ్చి టెస్టోస్టెరాన్ అడుగంటిన, బరువులెత్తే మగవాడికి తగిలించడం కుదరదు. ఎఫెడ్రా అనే మొక్క నుంచి తీసిన ఇదే మందు ఉన్న సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో స్టీవ్ బెక్లర్ అనే 23 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడు శిక్షణలో వడదెబ్బ తగిలి చనిపోయాడు. ఎఫెడ్రా కూడా ఒక కారణమని శవపరీక్ష చేసిన అధికారి తేల్చారు.

కొన్నాళ్లు వేసి కొన్నాళ్లు ఆపితే క్లెన్ ప్రభావం తగ్గదంటారు. కీటోటిఫెన్ కలిపితే ఇంకా మంచిదట?

గ్రాహకాలు అలవాటుపడి మందు పట్టు తగ్గడం నిజమే. కొవ్వు కరిగించే ప్రభావం కొద్ది వారాల్లోనే మందగిస్తుంది, అందుకే జనం డోసు పెంచుకుంటూ పోతారు. కీటోటిఫెన్ అలర్జీ మందు, బాగా మగత తెస్తుంది. ఒక మందు ఇబ్బందిని ఇంకో మందుతో కప్పెట్టడమే ఇది. అదనంగా కండ నిలుస్తుందనే మాట మాత్రం దీనివల్ల నిజం కాదు.

టీ3 కూడా కలపమంటున్నారు. కలపొచ్చా?

వద్దు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే కొవ్వుతోపాటు కండ ప్రోటీన్ కూడా కరుగుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేసే రోగుల్లో తొడలు, భుజాలు బలహీనపడడం డాక్టర్లకు బాగా తెలిసిన లక్షణం. సైకిల్ నడుస్తున్నప్పుడు స్టెరాయిడ్లు ఆ నష్టాన్ని కొంత కప్పిపుచ్చుతాయి. సైకిల్ ఆగాక కప్పేది ఏదీ ఉండదు. కండ కాపాడుకోవడానికి టీ3 వాడమనేవాడి దగ్గర ఇంకో సలహా అడగకండి.

డీఎన్‌పీ స్టిములెంట్ కాదు కాబట్టి గుండెకు ఇబ్బంది లేదన్నారు?

దాని జోలికే పోవద్దు. కణాలు శక్తిని తయారుచేసే పద్ధతిని దెబ్బతీసి, ఆ శక్తినంతా వేడిగా మార్చేస్తుంది. ఒంటి ఉష్ణోగ్రత అదుపు తప్పితే విరుగుడు మందు లేదు. 1930లలో సన్నబడడానికి అమ్మారు, కంటి శుక్లాలు, మరణాలు బయటపడ్డాక 1938లో అమెరికాలో ఆగిపోయింది. బ్రిటన్ 2023 నుంచి దీన్ని నియంత్రిత విషాల జాబితాలో పెట్టింది.

## సైకిల్ ఇప్పుడే ఆపినవాళ్లకు

నాకు పాతికేళ్లు, బీపీ కూడా లేదు. గుండెకు ఏం ప్రమాదం?

వయసు చూసి ధైర్యపడకండి. స్టెరాయిడ్లు మంచి కొలెస్ట్రాల్‌ను పడగొడతాయి, రక్తాన్ని చిక్కబరుస్తాయి, ఎడమ జఠరిక గోడను మందం చేస్తాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనం 140 మంది బరువులెత్తే మగవాళ్ల గుండెను పరీక్షించింది. స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లలో రక్తాన్ని పంప్ చేసే శక్తి, వాడనివాళ్లకంటే స్పష్టంగా తక్కువగా ఉంది. సైకిల్ ఆపిన మర్నాడే గుండె మామూలైపోదు.

అలాంటి గుండె మీద క్లెన్ వేస్తే నాడి పెరుగుతుంది, రక్తంలో పొటాషియం కణాల్లోకి వెళ్లి తగ్గుతుంది. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పే ప్రమాదం. క్లెన్ వాడిన యువ బాడీబిల్డర్లకు గుండెపోటు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఏదీ వాడకముందే ఈసీజీ, ఎకో, లిపిడ్లు, హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం) చేయించుకుంటే మీ గుండె ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. ఆ రిపోర్టులు చూశాక చాలామందికి ఫ్యాట్ బర్నర్ ఆలోచనే పోతుంది.

నిద్ర ఒక గంటో రెండు గంటలో తగ్గితే ఏమవుతుంది?

కండ పోతుంది, అదీ మామూలుగా కాదు. 2010లో డైట్‌లో ఉన్న 10 మందిని ఒక రెండు వారాలు ఎనిమిదిన్నర గంటల నిద్ర అవకాశంతో, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలతో ఉంచారు. నిద్ర తగ్గిన రోజుల్లో కొవ్వు నష్టం 55 శాతం తగ్గింది, కొవ్వు కాని బరువు నష్టం 60 శాతం పెరిగింది. తిండి అదే. 2011లో ఇంకో అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను వారంపాటు ఐదు గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది.

క్లెన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఒక రోజు దాటుతుంది. పొద్దున్నే వేసుకున్నా రాత్రికి అది ఉంటుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె చప్పుడు దిండులో వినిపిస్తూ, తెల్లవారుజామున మూడింటికి చెమటతో లేచేవాళ్లకు ఆ రెండు లెక్కలు ఎటు పనిచేస్తాయో చెప్పక్కర్లేదు. నా దృష్టిలో ఫ్యాట్ బర్నర్ల మీద ఇంతకంటే పెద్ద ఫిర్యాదు లేదు.

పీసీటీ టాబ్లెట్లతోపాటు (సైకిల్ తర్వాత సొంత టెస్టోస్టెరాన్ తయారీని మళ్లీ మొదలుపెట్టించే మందులు) ఫ్యాట్ బర్నర్ వేసుకోవచ్చా?

పీసీటీ మందులు కూడా డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సినవే. క్లోమిఫెన్ వల్ల కొందరికి చూపు మసకబారుతుంది, టమాక్సిఫెన్ రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. రక్తం ఇప్పటికే చిక్కగా ఉన్నప్పుడు దానిమీద రక్తనాళాలను బిగించే స్టిములెంట్ కలపడం తెలివైన పని కాదు. ఏదైనా తేడా వస్తే ఏ మందు వల్ల వచ్చిందో డాక్టర్‌కు కూడా అంతుబట్టదు.

పొట్ట చుట్టూ కొవ్వు చేరుతోంది. వెంటనే కటింగ్ (కొవ్వు తగ్గించే డైట్) మొదలుపెట్టనా?

ఆగండి. టెస్టోస్టెరాన్ తక్కువగా ఉన్నప్పుడు కేలరీలు బాగా కోస్తే కండ మీదే దెబ్బ పడుతుంది, పైగా కఠినమైన డైట్ టెస్టోస్టెరాన్‌ను ఇంకా తగ్గిస్తుంది. రక్తపరీక్షలో ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ తేరుకున్నట్టు కనిపించేదాకా బరువు నిలిచే స్థాయిలో తినండి. తర్వాత నిదానంగా తగ్గించుకోవచ్చు. పొట్ట మీద రెండు వేళ్ల కొవ్వు మూడు నెలలు ఉంటే కొంపలేమీ మునగవు.

కాఫీ, ప్రీ-వర్కౌట్ (వ్యాయామానికి ముందు తాగే కెఫీన్ పొడి) కూడా మానేయాలా?

అక్కర్లేదు. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. బీపీ, దడ ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం వర్కౌట్‌కు వాడితే నిద్ర పాడవుతుంది. డబ్బా మీద "ప్రొప్రయటరీ బ్లెండ్" అని రాసి కెఫీన్ ఎంతో చెప్పని పొడులు పక్కన పెట్టండి.

మరి కండ నిలవడానికి ఏం చేయాలి?

బరువులు తగ్గించకుండా సెట్లు తగ్గించండి. సైకిల్‌లో తట్టుకున్న వాల్యూమ్ ఇప్పుడు ఒళ్లు తట్టుకోదు, కండను నిలపడానికి అంత అవసరమూ లేదు. 2011లో ఒక అధ్యయనంలో 16 వారాలు శిక్షణ తీసుకున్న కుర్రాళ్లు, ఆ తర్వాత 32 వారాలు తొమ్మిదో వంతు పనితోనే తొడ కండరం సైజు నిలుపుకున్నారు. వాళ్లు స్టెరాయిడ్లు వాడినవాళ్లు కారు కాబట్టి మీరు మరీ అంత తగ్గించకండి, సగానికి దించినా భయపడక్కర్లేదు.

ప్రోటీన్ కిలో బరువుకు రోజుకు 1.6 నుంచి 2.2 గ్రాములు. క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు, మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టర్‌ను అడిగాకే. చప్పగా ఉన్నాయని చాలామంది వీటిని దాటేసి సీసాల వైపు పోతారు.

## ఇప్పటికే వాడుతున్నవాళ్లకు

చేతులు వణుకుతున్నాయి. మందు పనిచేస్తోందని అర్థమా?

కాదు. చేతి కండరాల్లోని బీటా-2 గ్రాహకాలు రెచ్చిపోవడం వల్ల ఆ వణుకు వస్తుంది. షేకర్ మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి రావడం, సంతకం వంకర పోవడం, రాత్రి పిక్కలు పట్టేయడం మందు ఎక్కువైన సూచనలు. కొవ్వు కరుగుతోందో లేదో వీటిని బట్టి చెప్పలేం. వణుకు తగ్గిందని డోసు పెంచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. చేతులు అలవాటుపడ్డంత మాత్రాన గుండె అలవాటుపడినట్టు కాదు.

ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి?

ఛాతీలో నొప్పి లేదా బిగింపు, కూర్చున్నా తగ్గని దడ, గుండె కొట్టుకోవడంలో తేడా, కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరాడకపోవడం, విపరీతమైన జ్వరం లేదా తికమక, మాట తడబడడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎమర్జెన్సీకి వెళ్లండి, బండి మీరు నడపకండి. క్లెన్ చాలాసేపు ఉంటుంది కాబట్టి "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనుకోవద్దు. ఇంట్లో ఎవరి దగ్గరో ఉన్న బీపీ మాత్ర వేసుకోవడం కూడా వద్దు.

డాక్టర్‌కు నిజం చెబితే ఏమనుకుంటారో?

ఏమైనా అనుకోనివ్వండి, చెప్పండి. ఏం వాడారో తెలియకపోతే ఇచ్చే మందు తప్పే అవకాశం ఉంది. సీసా లేదా స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. స్టెరాయిడ్లు, క్లెన్, ప్రీ-వర్కౌట్ అన్నీ చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో సమయంతో సహా చెప్పండి.

సీసాలో ఉన్నది నిజంగా క్లెనేనా?

చాటుగా అమ్మే సరుకులో ఏముందో లేబుల్ చెప్పదు. క్లెన్ మైక్రోగ్రాముల్లో కొలిచే మందు, అంటే గ్రాములో పది లక్షల వంతు. డ్రాపర్‌తో పోసుకునే ద్రవంలో గాఢత రెట్టింపైనా రంగు మారదు, రుచి మారదు. "మూలికా" ఫ్యాట్ బర్నర్ల పరిస్థితీ అంతే. గుండెకు ముప్పని అమెరికా, యూరప్ మార్కెట్లలో 2010లో ఆగిపోయిన సిబ్యుట్రమిన్, తర్వాత కూడా సన్నబడే సప్లిమెంట్లలో పదే పదే దొరికింది.

పోటీలకు వెళ్తాను. ముందే ఆపేస్తే డోప్ టెస్ట్‌లో దొరకదు కదా?

ఆ లెక్క క్లెన్‌కు పనికిరాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) జాబితాలో అది అనబాలిక్ మందుల వర్గంలో ఉంది, పోటీ ఉన్నా లేకపోయినా ఎల్లప్పుడూ నిషిద్ధం. సైక్లిస్ట్ అల్బెర్టో కాంటాడోర్ నమూనాలో అతి స్వల్ప మోతాదు దొరికినందుకే 2010 టూర్ ద ఫ్రాన్స్ టైటిల్‌ను 2012లో వెనక్కి తీసుకున్నారు. కలుషితమైన మాంసం తిన్నానన్న ఆయన వాదన నిలవలేదు. ఎఫెడ్రిన్ పోటీ సమయంలో ఒక పరిమితి దాటితే నిషిద్ధం. కెఫీన్‌కు నిషేధం లేదు.

## నెలలు గడిచినవాళ్లకు

టెస్టోస్టెరాన్ మామూలు కావడానికి ఎంత కాలం పడుతుంది?

ఏం వాడారు, ఎంతకాలం వాడారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక సైకిల్ చేసినవాళ్లలో చాలామందికి కొన్ని నెలల్లో తేరుకుంటుంది, వీర్యకణాలకు ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. ఏళ్ల తరబడి వాడినవాళ్ల కథ వేరు. 2016లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనంలో, ఆపేసి సగటున రెండేళ్లు దాటినా నాలుగో వంతుకు పైగా మాజీ వాడకందార్లకు టెస్టోస్టెరాన్ మామూలు హద్దు కంటే తక్కువే ఉంది.

ఉదయం 10 లోపు, పరగడుపున టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూపించుకోండి. తక్కువ వస్తే మరోరోజు మళ్లీ చేయించి ఎండోక్రైనాలజిస్ట్‌ను కలవండి.

ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు. స్టిములెంట్ వేస్తే హుషారొస్తోంది, తప్పా?

ఆ నీరసం, దిగులు హార్మోన్ లేమి లక్షణాలు. స్టిములెంట్ కొన్ని గంటలు వాటిని కప్పుతుంది, ప్రభావం దిగాక ఇంకా కిందికి తోస్తుంది. ఆ కొన్ని గంటల కోసమే రోజూ వేసుకోవడం మొదలైతే అది కటింగ్ కాదు, అలవాటు. స్టెరాయిడ్లు ఆపాక డిప్రెషన్ రావడం, చచ్చిపోవాలనిపించడం తెలిసిన విషయమే. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో వెంటనే చెప్పి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా ఉండకండి.

తర్వాతి సైకిల్ దాకా క్లెన్‌తో నెట్టుకొస్తే సరిపోదా?

మధ్యలో విరామం ఇచ్చేదే గుండె, రక్తం, హార్మోన్లు తేరుకోవడానికి. ఆ విరామమంతా నాడి పెంచే మందుతో నింపితే గుండెకు విశ్రాంతి దొరకదు. వచ్చే సైకిల్‌కు ముందు చేయించే పరీక్షల్లో కూడా స్టెరాయిడ్ వల్ల వచ్చిన తేడా ఏదో, క్లెన్ వల్ల వచ్చింది ఏదో విడదీయలేరు.